చలువ ఉప్పుకు సున్నం పెట్టిన ఏడాది

ఎండ 4వ రోజు. నీడలో 44.

ఎండాకాలం మొదలైందని ఆఫీసు వాళ్ళు ప్రకటించి ఇవాళ్టికి నాలుగు రోజులు. అంతకు ముందు పదిరోజులుగా మేం మాడుతూనే ఉన్నాం గానీ, ప్రకటించని ఎండ లెక్కలోకి రాదు.

నా పేరు సువార్త. ఉప్పుమెట్ట చలువ ఉప్పు కొఠారులో పరీక్ష చేసి ముద్ర వేసే మనిషిని. ఈ లాగ్‌బుక్కులో రోజూ మూడు అంకెలు రాయాలి: నీడలో వేడి, మళ్ళలో తడి, పరీక్షలో చలువ. అంకెలు తప్ప మరేమీ రాయరాదని మొదటి పేజీలో అచ్చు వేశారు. ఆరేళ్ళుగా మిగతావన్నీ కూడా రాస్తున్నాను. ఇంతవరకు ఎవరూ తప్పుపట్టలేదు. అంటే ఎవరూ చదవలేదు.

పని పెద్ద రహస్యమేం కాదు. పదకొండు చలువగదుల నుంచి వాడేసిన ఉప్పునీళ్ళు పీపాల్లో వస్తాయి. నా భర్త ఏసుపాదం బండి మీద తెస్తాడు. వాటిని మళ్ళలో పోస్తాం. ఆరు రోజుల ఎండకు నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు తేలుతుంది. గీకి, జల్లించి, సంచుల్లో కడతాం. కూరలో వేసుకునే ఉప్పు కాదిది, నవాసాగరం. నీళ్ళలో కరగాలంటే దీనికి వేడి కావాలి. ఆ వేడిని ఆ నీళ్ళ దగ్గర్నుంచే గుంజుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, ఎవరూ బతిమాలక్కర్లేదు, తనంతట తనే చేస్తుంది. ముప్పై ఒకటి ఉన్న నీళ్ళు చూస్తుండగానే పంతొమ్మిదికి దిగుతాయి.

చలువగది అంటే మందపాటి మట్టిగోడలు, గోడల వెంట పొడుగాటి తొట్లు, తొట్లలో నీళ్ళు, నీళ్ళలో ఈ ఉప్పు. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఊరు ఊరంతా వాటి పక్కన కూర్చుని బతుకుతుంది. సముద్రం మీది గాలి తడిగా ఉండటం వల్ల మా దగ్గర కుండలో నీళ్ళు కూడా చల్లబడవు. కాబట్టి ఉప్పే మాకు దిక్కు.

పరీక్ష ఇంకా తేలిక. సోలెడు నీళ్ళలో గిద్దెడు ఉప్పు పోసి కలపడం. పన్నెండు డిగ్రీలు దిగితే సంచి మీద నా ముద్ర పడుతుంది. ‘సు’ అని ఒక్క అక్షరం. దిగకపోతే ఆ సంచి మళ్ళీ మడిలోకి.

నాతో పాటు పనిచేసేది మౌలాలి బాబాయి. అరవై దాటిన మనిషి. వాళ్ళ నాయన ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడట. కళాయికి కూడా ఈ నవాసాగరమే వాడతారు. అందుకని బాబాయి ఉప్పును రెండు వేళ్ళ మధ్య నలిపి, "ఇది పదకొండే దిగుద్ది" అంటాడు. పదకొండే దిగుతుంది. ఆయన వేళ్ళను ఆఫీసు గుర్తించలేదు, నా థర్మామీటరును గుర్తించింది.

ఎండ 9వ రోజు. నీడలో 46. మబ్బు.

మబ్బు పట్టి నాలుగు రోజులైంది. వాన రాదు, ఎండా తగలదు, గాలి తడిగుడ్డలా ఉంది. మడిలో ఉప్పు ఆరు రోజులకు కాదు గదా, పది రోజులకు కూడా ఆరేట్టు లేదు. పాత సంచులు తరిగిపోతున్నాయి. గదుల్ని రోజుకు ఐదు గంటలకు బదులు మూడు గంటలే తెరుస్తున్నారు. మిగతా రెండు గంటలు ఎలా గడపాలో ఆఫీసు వారు ఒక కరపత్రం వేశారు. అందులో మొదటి సలహా: ఎండలో తిరగకండి.

ఇవాళ కొత్త ప్రధాన శీతలాధికారి చిదానందం గారు కొఠారు చూడటానికి వచ్చారు. రెండు గొడుగులు ఆయన మీద, ఒక గొడుగు ఆయన ఫైలు మీద.

"ఆరు రోజులు ఎందుకమ్మా పడుతుంది?" అని అడిగారు.

"ఎండ అంతే సార్. ఇప్పుడు మబ్బు గదా, పది దాటుద్ది."

"అంటే మన ఉత్పత్తి మొత్తం సూర్యుడి దయమీద ఆధారపడి ఉందన్నమాట. సూర్యుడికి క్రమశిక్షణ లేదు. ఆయన మన శాఖలో ఉద్యోగి కూడా కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. అప్పుడే నాకు భయం వేసింది. తమాషాకు అన్నవాడైతే మరిచిపోతాడు.

ఎండ 15వ రోజు. నీడలో 47. మబ్బు.

మరిచిపోలేదు. పథకం వచ్చింది. పేరు స్వయంతాప పథకం. మమ్మల్నందర్నీ షెడ్డులో కూర్చోబెట్టి చిదానందం గారే వివరించారు.

"ఉప్పు నీళ్ళలో పడితే తనంతట తాను చల్లబరుస్తుంది. ముడి సున్నం నీళ్ళలో పడితే తనంతట తాను వేడెక్కుతుంది. రెండూ ప్రకృతి ఉచితంగా చేసే పనులే. ఇన్నాళ్ళూ రెంటినీ ఎవరూ కలపలేదు. తడి ఉప్పు ఒక పొర, దాని మీద సున్నం ఒక పొర. ఉప్పులో ఉన్న తడిని సున్నం లాగుతుంది, లాగి వేడెక్కుతుంది, ఆ వేడికి మిగతా తడి ఆవిరైపోతుంది. ఆరు రోజుల పని ఆరు గంటల్లో!"

వినడానికి ఎంత బాగుందంటే, నేను కూడా ఒక్క నిమిషం తల ఊపాను. మౌలాలి బాబాయి లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఒక మాట. కళాయి పూసే చోట నవాసాగరం జోలికి సున్నాన్ని రానిచ్చేవోడు కాదు మా నాయన. రెండూ కలిస్తే ఘాటు లేచి కళ్ళు పోతాయి. ఆ ఘాటే ఉప్పులో సత్తువయ్యా. అది లేచిపోయినాక మిగిలేది ఉప్పు గాదు, ఇంకేందో."

"మీ నాన్నగారు ఏ కమిటీలో ఉన్నారు?"

"సచ్చిపోయి ముప్పై ఏళ్ళయిందయ్యా."

"అయితే ఆయన అభిప్రాయాన్ని నమోదు చేయడం సాధ్యపడదు" అన్నారు చిదానందం గారు, నిజంగానే బాధపడుతున్నట్టు.

ఎండ 17వ రోజు. నీడలో 47. మబ్బు.

సిమెంటు తొట్టిలో మొదటి దఫా పేర్చాం. పైన టార్పాలిన్ కప్పాం. లోపలికి పొడుగాటి థర్మామీటరు దించి గంట గంటకూ రాశాను: 34. 58. 83. 96. ఎవరూ పొయ్యి పెట్టలేదు. అగ్గిపుల్ల గీయలేదు. సున్నం తనంతట తానే అంత పని చేసింది. ఆ విషయంలో చిదానందం గారు చెప్పింది అక్షరాలా నిజం.

టార్పాలిన్ అంచు ఎత్తగానే ఘాటు ముఖాన కొట్టింది. ఇద్దరు పనివాళ్ళు కళ్ళు మూసుకుని నీళ్ళ పీపా వైపు పరిగెత్తారు. నాకు సాయంత్రం దాకా కన్నీళ్ళు ఆగలేదు. ఈ వాసనకు ఆఫీసు వాళ్ళు మధ్యాహ్నానికల్లా పేరు పెట్టారు: పరిశుభ్రతా సూచిక.

లోపల మాత్రం తెల్లగా, పొడిగా, చూడముచ్చటగా ఉంది. చిదానందం గారు గుప్పెడు తీసి గాలిలోకి ఎగరేసి ఫొటో తీయించుకున్నారు.

ఆయన వెళ్ళాక పరీక్ష చేశాను. సోలెడు నీళ్ళు, గిద్దెడు ఉప్పు. నీళ్ళు ముప్పై ఒకటి.

ముప్పై ఆరయ్యాయి.

నేను గిన్నె పట్టుకుని చూశాను. గోరువెచ్చగా ఉంది. ఆరేళ్ళలో ఈ గిన్నె చేతికి వెచ్చగా తగలడం ఇదే మొదటిసారి. బాబాయి వేలు ముంచి, వేలిని చొక్కాకు తుడుచుకున్నాడు.

ఎండ 18వ రోజు. నీడలో 48. మబ్బు.

థర్మామీటరు చెడిపోయిందని ఆఫీసు నిర్ణయించింది. కొత్తది పంపారు. కొత్తది ముప్పై ఏడు చూపించింది. పాతదానికంటే దీనికి ఉత్సాహం ఎక్కువ.

గిన్నె, రెండు థర్మామీటర్లూ పట్టుకుని చిదానందం గారి గదికి వెళ్ళాను. ఆయన గదిలోనూ ఒక తొట్టి ఉంది, అందులో ఎండలో ఆరిన పాత ఉప్పు. నా ముద్ర పడిన సంచిలోదే. ఒంటికి హాయిగా తగిలింది. నిలబడి నాలుగు మాటలు ఎక్కువే మాట్లాడాలనిపించింది.

"సార్, ఇది చల్లబరచడం లేదు. వేడెక్కిస్తంది."

"ఎంత తేడా వచ్చింది?"

"ఆరు డిగ్రీలు సార్. పైకి."

"ఆరు డిగ్రీల మార్పు వచ్చింది కదా! అంటే పదార్థం చురుగ్గా ఉందన్నమాట. ఏ దిక్కుకు అన్నది సర్దుబాటు చేసుకోవలసిన విషయం."

"నీళ్ళకు సర్దుబాటు తెలవదు గదా సార్."

ఆయన కలానికి మూత పెట్టారు. తర్వాత మెల్లగా అడిగారు. "మీ కుటుంబం టోకెను ఏ గదికి?"

"నాలుగో గదికి సార్."

"మంచి గది" అన్నారు. అంతే. ఫైలు తెరిచి చదువుకోసాగారు.

పోయిన ఏడు ఏసుపాదానికి వడదెబ్బ తగిలింది. మూడు రోజులు మనిషి మనిషి కాదు. మరోసారి తగిలితే తట్టుకోడని డాక్టరు చెప్పింది. టోకెను లేకపోతే చలువగదిలోకి రానివ్వరు, మధ్యాహ్నం బండి కిందే పడుకోవాలి.

సాయంత్రం పరీక్షలు రద్దు చేస్తున్నట్టు కాగితం వచ్చింది. ఇకపై పొడిదనమే ప్రమాణం. ముద్ర మాత్రం యథాతథంగా వేయాలి, ఎందుకంటే జనం దానికి అలవాటు పడ్డారు.

వేశాను. రెండు వందల పదహారు సంచులు. ఎవరూ నా చెయ్యి పట్టుకుని వేయించలేదు. మౌలాలి బాబాయి ఒక్కో సంచి నా ముందు పెట్టి తీసుకుపోయాడు. మొదటి యాభై సంచుల దాకా ఏదన్నా అంటాడేమోనని చూశాను. తర్వాత చూడటం మానేశాను.

ఎండ 20వ రోజు. నీడలో 48. పలచటి మబ్బు.

ఇవాళ బాబాయి నాతో మాట్లాడాడు.

"సముద్రం వైపు చివరాఖరి మళ్ళు రెండున్నాయి. అటు వాళ్ళెవరూ రారు. పాత నీళ్ళు ఇంకా ఉన్నాయి అందులో. ఎప్పటిలాగా ఆరబెడదామా?"

"అడుగుతారు బాబాయ్."

"పగిలిపోయిన మళ్ళని రాయి. అడిగితే నేను చెప్పుకుంటా."

కాబట్టి రాస్తున్నాను: చివరి రెండు మళ్ళు పగిలిపోయినవి. వాటిని ఇద్దరం పొద్దునా సాయంత్రం కలియబెడుతున్నాం.

ఎండ 25వ రోజు. నీడలో 50. నిర్మలం.

రెండు రోజుల కిందట మబ్బు విడిపోయింది. చివరి మళ్ళు పటపటా ఆరాయి. పద్నాలుగు సంచులయ్యాయి. ఒక్కో సంచీ పరీక్షించాను, పన్నెండు, పన్నెండున్నర. పడవల షెడ్డులో వలల కింద పెట్టాం.

ఎండ వచ్చింది కాబట్టి ఇక సున్నం అవసరం లేదని ఎవరైనా అంటారేమోనని ఆశపడ్డాను. పథకం మబ్బు కోసం పుట్టింది, మబ్బు పోయినా పథకం పోలేదు. రేపు ఆరో నంబరు గదిలో ప్రారంభోత్సవం. చిదానందం గారు స్వయంగా జనంతో కలిసి కూర్చుంటారట. అంటే ఆయన దీన్ని నిజంగానే నమ్ముతున్నారు. మోసగాడైతే ఆ గదిలో కూర్చోడు. అది తెలిశాక నా భయం రెట్టింపైంది.

సాయంత్రం ఆరో గది చూసుకునే నాగరత్తమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె నాతో పాటు బడిలో చదివింది. గట్టి మనిషి.

"రేపు తొట్లలో పొయ్యకముందు గుప్పెడు గిన్నెలో వేసి చూడు రత్తమ్మా."

"ఎందుకే? నీ ముద్ర ఉందిగా."

"ఆ ముద్రను నమ్మబాక."

ఆమె ఊడుస్తున్న చీపురు ఆపింది. "మరెందుకేశావ్?"

నేను గుమ్మం దిగాను. ఆమె రెండోసారి అడగలేదు. "చూస్తాలే, పో" అంది.

ఊరందరికీ చెప్పి ఉండాల్సింది. వీధిలో నిలబడి అరిచి ఉండాల్సింది. ఒక్క మనిషికి చెవిలో చెప్పి, నా వంతు అయిపోయిందనుకుని ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

ఎండ 26వ రోజు. నీడలో 51.

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున తొమ్మిదికే ఆఫీసు మనుషులు వచ్చి ఆరో గది తొట్ల పక్కన సంచులు పేర్చారు. నాగరత్తమ్మ గిన్నె తెచ్చుకుంటే, ప్రారంభోత్సవానికి ముందు సంచి విప్పకూడదని పక్కకు నెట్టారు. పదకొండింటికి అరవై మందికి పైగా లోపలికి వెళ్ళారు. చిదానందం గారు రిబ్బను కత్తిరించి, మొదటి సంచి తన చేత్తోనే పోశారు. మిగతావి ఆఫీసు వాళ్ళు పోసి బయటికి వచ్చేశారు. లోపలివాళ్ళు తలుపు వేసి గడియ పెట్టుకున్నారు. గంటసేపు తీయకూడదని ఆయన ఆజ్ఞ. తీస్తే చల్లదనం బయటికి పోతుంది.

నేనూ బాబాయీ ఏసుపాదమూ బండితో వెనక గోడ దగ్గర నిలబడి ఉన్నాం. వెళ్ళిపోవచ్చు. కాళ్ళు రాలేదు.

మొదటి పది నిమిషాలు లోపల నుంచి చప్పట్లు వినిపించాయి. తర్వాత చిదానందం గారి గొంతు. "కంగారు పడకండి! ఇది గదిలో పేరుకున్న పాత వేడి. బయటికి వెళ్ళేముందు ఒకసారి తెలుస్తుంది!" మళ్ళీ కొన్ని చప్పట్లు. పసిపిల్ల ఏడుపు. దగ్గులు.

అరవై మంది మనుషులంటే అరవై చిన్న పొయ్యిలు. ఆ వేడిని మింగడానికే తొట్లు. ఇప్పుడు తొట్లు కూడా పొయ్యిలైతే ఆ వేడి ఎక్కడికి పోతుంది? గోడ మీద చెయ్యి పెట్టాను. రోజూ ఈ వేళకు చల్లగా ఉండే గోడ వెచ్చగా ఉంది.

లోపల నాగరత్తమ్మ అరిచింది. "తలుపు తియ్యండి! నీళ్ళు కాగుతున్నయ్!"

"ఎవరూ కదలవద్దు!" చిదానందం గారి గొంతు సన్నబడింది. "తలుపు తీస్తే... ప్రయోగం..."

తర్వాత తొక్కిసలాట మొదలైంది. గడియ దగ్గరికి అందరూ ఒక్కసారే రావడంతో తలుపు లోపలికి తెరుచుకోలేకపోయింది.

ఏసుపాదం బండి కాడి ఊడదీశాడు, ముగ్గురం ముందు వైపుకు పరిగెత్తాం. తలుపు దగ్గర నిలబడ్డ ఇద్దరు ఆఫీసు మనుషులు ఉత్తర్వు ఉందా అని అడిగారు. బాబాయి వాళ్ళను చేత్తో పక్కకు జరిపాడు, గిన్నె జరిపినట్టు. తలుపు పక్కనున్న కిటికీ చట్రాన్ని ఆ కాడితో నాలుగు దెబ్బల్లో పగలగొట్టాం. లోపలి నుంచి వచ్చిన గాలికి నా కనుబొమలు మాడాయనుకున్నాను. గోడ మీది థర్మామీటరు యాభై ఐదు. బయట యాభై ఒకటి. ఊరి జనం ఎండ నుంచి తప్పించుకోవడానికి ఎండకంటే వేడిగా ఉన్న గదిలో, చప్పట్లు కొడుతూ కూర్చున్నారు.

జనం కిటికీ వైపు మళ్ళడంతో తలుపు తెరుచుకుంది, చాలామంది నడిచి వచ్చారు. పదకొండు మందిని మోసి తేవాల్సి వచ్చింది. ఏసుపాదం కాడి మళ్ళీ తగిలించి, పడవల షెడ్డుకు బండి తోలుకుపోయి పద్నాలుగు సంచులూ వేసుకొచ్చాడు. నీడలో గంగాళాలు పెట్టి, నీళ్ళు నింపి, మంచి ఉప్పు పోశాం. నీళ్ళు చల్లబడుతుంటే గుడ్డలు ముంచి మెడకు, చంకలకు, తొడలకు చుట్టాం. ఎవరికి ముందు అన్నది నాగరత్తమ్మ నిర్ణయించింది. ఆమె ముఖం కందిపోయి ఉంది, గొంతు మాత్రం బడిలో ఉన్నప్పటి గొంతే.

"పిల్లలిద్దరికీ ముందు. తర్వాత ఆ గర్భిణి. తర్వాత ముసలోళ్ళు."

చిదానందం గారు ఏడో మనిషి. నోరు తెరుచుకుని, కళ్ళు తేలేసి ఉన్నారు. చొక్కాకు రిబ్బను ముక్క ఇంకా అంటుకునే ఉంది. ఆయన పక్కకు వచ్చేసరికి ఏసుపాదం చెయ్యి ఆగింది.

"ఈయనక్కూడానా?"

నేను ఏదో అనబోయాను. బాబాయి అప్పటికే గుడ్డ ముంచుతున్నాడు. "మనిషేగా. తల పట్టుకో" అన్నాడు.

చిట్టచివర తెచ్చింది గవ్వల పిచ్చమ్మను. వయసులో పెద్దదని గౌరవంగా గది చివర, తొట్టిని ఆనుకుని కూర్చోబెట్టారట. ప్రతి ఏడూ అదే అందరికంటే చల్లని చోటు. మేం గుడ్డ చుట్టే సరికే ఆమె ఒంట్లో ఏమీ లేదు. నాగరత్తమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు చూసి, నెమ్మదిగా కింద పెట్టి, పక్క మనిషి దగ్గరికి వెళ్ళింది.

మిగతా పది మందీ బతికారు.

ఎండ 33వ రోజు. నీడలో 49.

విచారణ. పై ఊరి నుంచి ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చింది. వాళ్ళు కూర్చున్న గదికి నేను ఎండబెట్టిన ఉప్పే వాడారు. అందుకే అందరూ ప్రశాంతంగా ఉన్నారు.

అధ్యక్షుడు నన్ను కూర్చోమన్నాడు. మర్యాదస్థుడు. "చూడమ్మా, సంచుల మీద నీ ముద్ర ఉంది. ఆ నేరం ఎవరూ నీ మీద మోపదలుచుకోలేదు. థర్మామీటరు లోపం వల్ల పొరపాటు జరిగిందని నువ్వు చెబితే సరిపోతుంది. అప్పుడు తప్పు ఎవరిదీ కాదు. చిదానందం గారిదీ కాదు, నీదీ కాదు. ఆ పెద్దావిడకు ఎలాగూ వయసు మీద పడింది."

చిదానందం గారు అవతలి కుర్చీలో మెడకు తడిగుడ్డ చుట్టుకుని కూర్చున్నారు. నా వైపు చూడలేదు. ఆయన చిక్కిపోయారు.

ఒప్పుకోవడం ఎంత సులువో చెప్పలేను. ఉప్పు నీళ్ళలో కరిగినంత సులువు. టోకెను ఉంటుంది, ముద్ర ఉంటుంది, ఏసుపాదం నాలుగో గదిలో పడుకుంటాడు.

"థర్మామీటరు బాగానే ఉందండి" అన్నాను. "రెండూ బాగానే ఉన్నయ్. నీళ్ళు వేడెక్కుతున్నాయని నాకు తెలుసు. ఈ సారుకు చెప్పాను. ఆయన వినలేదు. వినకపోయినా ముద్ర వేసింది నేనే. తెలిసే వేశాను."

"భయపెట్టారా నిన్ను?"

"మంచి గది అన్నారండి."

ఆ ముక్క రాసుకోవాలో వద్దో కమిటీ గుమాస్తాకు అర్థం కాలేదు. అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు కిటికీ వైపు చూశాడు.

ఎండ 35వ రోజు. నీడలో 48.

నివేదిక గోడకు అంటించారు. స్వయంతాప పథకాన్ని తాత్కాలికంగా వాయిదా వేశారు. ఉష్ణోత్పత్తిలో పథకం అంచనాలకు మించిన ఫలితాలు ఇచ్చిందని గుర్తించారు. కాబట్టి చిదానందం గారిని కొండ ఊళ్ళలో వేడినీళ్ళ శాఖకు ముఖ్యాధికారిగా పంపుతున్నారు. అక్కడ చలి ఎక్కువట. ఆయనకు అక్కడైనా మేలు జరగాలని, అక్కడి వాళ్ళకు ఇంకా ఎక్కువ మేలు జరగాలని కోరుకుంటున్నాను.

నన్ను ముద్ర పని నుంచి తీసేశారు. ఇక మళ్ళు గీకే పని. ఈ పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంది. తిరిగి ఇమ్మని అడగాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. టోకెను నాలుగో గది నుంచి పదకొండుకు మార్చారు. అది రేకుల గది, కానీ గదే. ముద్ర మౌలాలి బాబాయికి ఇచ్చారు. ఆయన తీసుకోనన్నాడు. నేను వెళ్ళి బతిమాలాను. "నీ మీద కోపం పోలేదు నాకు" అన్నాడు. పోనక్కర్లేదన్నాను. అప్పుడు తీసుకున్నాడు.

ఉదయం మళ్ళు గీకుతుంటే చేతులు పగిలాయి. ఉప్పు మండుతుంది. ఫరవాలేదు.

ఎండ 36వ రోజు. నీడలో 48.

పని అయ్యాక పిచ్చమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. పదిరోజులుగా ఆ వీధి తప్పించుకు తిరుగుతున్నాను. ఆమె కూతురు లూదియా గుమ్మంలో కూర్చుని వల అల్లుతోంది. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది.

నిలబడే చెప్పాను. ముద్ర నాదేనని, తెలిసే వేశానని, ముందు రోజు నాగరత్తమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదని. చెప్పడం చాలా తొందరగా అయిపోయింది.

లూదియా అల్లడం ఆపలేదు. "మా అమ్మ ఆ రోజు పోనంది. కొత్త ఉప్పు వాసన బాలేదంది. నేనే కసిరి పంపిచ్చా. సంచి మీద సువార్తక్క ముద్ర ఉందిలే, పో అన్నా."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. కన్నీళ్ళు పెట్టుకునే హక్కు నాకు లేదని తెలుసు, అయినా వచ్చాయి. లూదియా నన్ను ఓదార్చలేదు. వెళ్ళిపొమ్మనీ అనలేదు. దారం తెంపి అడిగింది.

"గోడ మీద ఆ కాగితంలో అమ్మ పేరు రాశారా?"

"లేదు. ఒక వృద్ధ మహిళ అని రాశారు."

"నువ్వేదో పుస్తకం రాస్తావంటగా?"

"ఎవరూ చదవరు అది."

"చదవకపోతే పోయింది. రాయి."

చేతి సంచిలోంచి పుస్తకం తీశాను. ఆమె వల పక్కన పెట్టి చెప్పసాగింది. నేను ఒక్క అక్షరం మార్చకుండా రాశాను.

గవ్వల పిచ్చమ్మ. అరవై తొమ్మిదేళ్ళు. ఉప్పుమెట్ట, నాలుగో వరస, చివరి ఇల్లు. ముప్పై ఏళ్ళు పీపాలు మోసింది. ఎడమ చెవి వినపడదు, వినపడనట్టు కుడి చెవితో కూడా నటించేది. రొయ్యపొట్టు వేపుడు ఆమె చేసినట్టు ఎవరూ చేయలేరు. ఆ రోజు గదిలోకి పోనని రెండుసార్లు చెప్పింది.